కొండమీది ద్రాక్షావల్లి: శ్రమ మనలను మంచివారినిగా చేయునా?

ధ్యానభాగములు: యోహాను 15:1–8, రోమా 5:3–5, యాకోబు 2:15–16



శ్రమ మనుష్యుని మంచివానినిగా చేయునను మాట మన సంఘములలో తరచుగా వినబడుచుండును. పంట పోయిన యింటికి పరామర్శకు వెళ్లి ఈ మాట చెప్పుదుము. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లి ప్రక్కను కూర్చుండి ఈ మాట చెప్పుదుము. చెప్పుటకు వేరొకటి తోచనప్పుడు కూడ ఇదే చెప్పుదుము. ఈ మాట నిజమా? నిజమైనయెడల ఎంతమట్టుకు నిజము? ఎవరు ఎవరితో చెప్పదగిన మాట ఇది? ఈ ప్రశ్నను నిదానముగా ఆలోచించుటకై ఈ నెల మిమ్మును దూరదేశమందలి ఒక కొండమీది ద్రాక్షతోటకు తీసికొని వెళ్లగోరుచున్నాను.

అక్కడి పండ్లతో చేయబడునది మద్యమే గనుక ముందుగా ఒక సంగతి చెప్పవలెను. ద్రాక్షారసము మనుష్యుని హృదయమును సంతోషపెట్టు దేవుని దానములలో ఒకటిగా 104వ కీర్తన చెప్పుచున్నది. అదే రసము త్రాగువానిని పామువలె కరచునని సామెతలు 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. సహోదరునికి అడ్డము కలుగునట్లయితే దానిని మానుట మేలని పౌలు రోమా 14వ అధ్యాయములో వ్రాసెను. త్రాగుడువలన ఎన్ని యిండ్లు కూలెనో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1992 ప్రాంతమున నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాకు విరోధముగా లేచినప్పుడు వారి కన్నీళ్ల వెనుక ఉన్నది ఆ అనుభవమే. కాబట్టి మన సంఘములు మద్యమును ముట్టకుండుట మంచిదే. మనము ఈ దినమున చూడబోవునది గిన్నెను కాదు, తీగెను.

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశపు పడమటి సరిహద్దున ఆండీసు పర్వతములు గోడవలె నిలిచియున్నవి. వాటి తూర్పు పాదమున మెండోసా అను రాష్ట్రము ఉన్నది. ఆసియా ఖండమునకు వెలుపల భూమిమీద మిక్కిలి ఎత్తైన శిఖరమగు అకంకాగువా, 6,961 మీటర్ల యెత్తు గలది, ఈ రాష్ట్రములోనే యున్నది. పడమటి సముద్రమునుండి వచ్చు మేఘములను ఈ పర్వతములు అడ్డగించుటచేత మెండోసా పట్టణ ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 200 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడును. కరవుసీమయని పేరుపడిన మన అనంతపురములో సైతము సగటున 500 మిల్లీమీటర్లకు పైగా పడునని తలంచినయెడల ఆ నేల ఎంత ఎండినదో మీకు తెలియును.

ఆ నేలలో ఇప్పుడు పేరుపొందిన ద్రాక్ష మాల్బెక్ అనునది. అది అక్కడ పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున కాఓర్ అను ప్రాంతము దాని ప్రాచీన నివాసము. 1853లో మెండోసాలో ఒక వ్యవసాయ పాఠశాలయు నమూనాతోటయు స్థాపించుటకు ప్రయత్నము జరిగెను. మిషెల్ పుజె అను ఫ్రెంచి వ్యవసాయశాస్త్రవేత్త దానిని నడిపించుటకు వచ్చి, తన దేశపు ద్రాక్షకొమ్మలను అక్కడ నాటించెను. అట్లు మాల్బెక్ పరదేశియై ఆండీసు పాదమునకు చేరెను.

చాలకాలము పల్లపు నేలలలోనే దానిని విస్తారముగా పెంచిరి. తరువాత కొందరు ఇంకను పైకి, ఊకో లోయయను ఎత్తైన ప్రదేశమునకు చూడసాగిరి. 1992లో నికొలాస్ కతేనా అను తోటయజమానుడు గువల్తాయారి అనుచోట, సముద్రమట్టమునకు దాదాపు 1,450 మీటర్ల యెత్తున, తీగెలు నాటించెను. మన అరకులోయ ఎత్తు సుమారు 900 మీటర్లే. అంత చలిలో ద్రాక్ష పండదని అనుభవజ్ఞులు ఆయనను హెచ్చరించిరి. అయితే అది పండెను. అక్కడి పండ్లనుండి వచ్చిన ఎఱ్ఱని రసము దాదాపు నలుపనదగినంత ముదురురంగు గలదియు, నోటికి నిండుగాను చిక్కగాను తగులునదియు అని ప్రపంచమంతట పేరుపొందెను.

ఆ నిండుదనము ఎక్కడనుండి వచ్చెను? కారణములను వెదకినవారు చెప్పు సంగతులు మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా ఉన్నవి. ఎత్తు 100 మీటర్లు పెరిగినకొలది వేడిమి ఇంచుమించు అర డిగ్రీకి పైగా తగ్గును. పగలు ఎండ తీక్షణముగా కాయును; రాత్రి చలి కొరుకును. పగటికిని రాత్రికిని 15 డిగ్రీల భేదముండుట అక్కడ సామాన్యము. పగటి యెండవలన పండులో తీపి పెరుగును. రాత్రి చలివలన దాని పులుపు పోకుండ నిలుచును. పైకి వెళ్లినకొలది గాలి పలుచనగుటచేత సూర్యునిలోని అతినీలలోహిత కిరణములు ఎక్కువగా తగులును. ఆ కిరణములనుండి తన గింజలను కాపాడుకొనుటకు పండు తన తొక్కను మందముగా చేసికొని, దానిలో రంగును వగరును ఎక్కువగా కూర్చుకొనును. నేల రాళ్లతో నిండియున్నది, నీరు కొంచెము; కాబట్టి పండ్లు చిన్నవగును. చిన్న పండులో రసముకంటె తొక్కపాలు ఎక్కువ. రంగును రుచియు నుండునది తొక్కలోనే. మనము నిండుదనమని చెప్పునది ఆ పండు ఎండకును చలికిని ఎదురు నిలుచుటలో కూర్చుకొన్నదే.

ఇది విన్న ప్రసంగికుడు ఇక్కడనే తన ప్రసంగమును ముగింపవచ్చును: "చూచితిరా, శ్రమ ఎక్కువైనకొలది ఫలము శ్రేష్ఠమగును; కాబట్టి సణుగకుడి." అయితే మనము తోటలోనికి ఇంకను కొంచెము దూరము నడువవలెను. ఏలయనగా సగము చూచి చెప్పిన సత్యము పూర్తి అబద్ధముకంటె ఎక్కువమందిని గాయపరచును.

మొదటి సంగతి: ఆ 200 మిల్లీమీటర్ల వర్షమునకే విడిచిపెట్టినయెడల అక్కడ తోట నిలువదు. అది తీగెకు కావలసిన నీటిలో చాల కొద్దిభాగమే. తోట బ్రదుకుచున్నది ఆండీసు మంచు కరగి దిగివచ్చు నీటివలనను భూగర్భజలమువలనను. ఆ పర్వతజలమును పొలములకు మళ్లించు కాలువలను స్పెయిను దేశస్థులు రాకమునుపే వార్పె అను ఆదివాసులు త్రవ్వియుండిరి. నేటికిని ఆ దేశమున కాలువనీటిని వంతులు చొప్పున పంచుటకు తోమేరో అని పిలువబడు మనుష్యుడు ఉండును. మన చెరువులక్రింద నీరటికాడు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపో చూచి నీరు విడిచినట్లే, అతడు తలుపులు ఎత్తి వంతుప్రకారము నీరు విడుచును. నీరు రాని తీగె మంచి పండు నీయదు, ఎండి కట్టెయగును.

రెండవ సంగతి: శ్రమ తనంతట తాను ఫలమునిచ్చునదైనయెడల మాల్బెక్ తన స్వస్థలములోనే మిక్కిలిగా వర్ధిల్లియుండవలసినది. 1956 ఫిబ్రవరిలో కాఓర్ ప్రాంతమున భయంకరమైన మంచు పడెను. అక్కడి ద్రాక్షతోటలలో అధికభాగము ఆ చలికి చచ్చెను. కొండమీది చలి తీగెకు రుచి నిచ్చినది. ఆ సంవత్సరపు చలి అదే జాతి తీగెను చంపినది. శ్రమలన్నియు ఒకటే కావు. కట్టునట్టి శ్రమ ఉన్నది, పడగొట్టునట్టి శ్రమ ఉన్నది.

మూడవ సంగతి: మెండోసాలో వడగండ్ల భయము పెద్దది. కోతకు ముందు అరగంట వడగండ్లు కురిసినయెడల సంవత్సరపు పని పోవును. అందుచేత అక్కడి రైతులు అనేకులు తీగెలమీద వలలు పరతురు. "వడగండ్లు నా తీగెకు బుద్ధి చెప్పును, దాని ఫలమును మేలుచేయును" అని చెప్పి చేతులు కట్టుకొని కూర్చుండు రైతు లేడు. ఆయన ఎండను రానిచ్చును, చలిని రానిచ్చును. నీరు కొంచెము తగ్గించినను ప్రతిదినము ఆకు వాడెనేమోయని చూచుచుండును. వడగండ్లకు మాత్రము అడ్డము పెట్టును. తగ్గించుటకును చంపుటకును గల భేదము ఆయన యెరుగును.

కాబట్టి ఆ నిండు ఫలము శ్రమవలననే వచ్చినదని చెప్పకూడదు. తీగెను ప్రేమించు ఒకని చేతిక్రింద, కొలతగల నీటితో కలిసిన శ్రమవలన వచ్చినదని చెప్పవలెను.

ఇప్పుడు రోమా 5వ అధ్యాయము తెరచి చూడుడి. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన గుణమును, ఆ గుణము నిరీక్షణను పుట్టించునని పౌలు చెప్పుచున్నాడు. మనము సాధారణముగా అక్కడనే ఆగుదుము. పౌలు ఆగలేదు. ఆ నిరీక్షణ మనలను ఏల సిగ్గుపరచదో వెంటనే చెప్పుచున్నాడు: పరిశుద్ధాత్మద్వారా దేవుని ప్రేమ మన హృదయములలోనికి పోయబడినది గనుక. పోయబడునది ఏది? నీరే కదా! శ్రమనుగూర్చిన ఆ వాక్యమాలికకు చివర ఒక కాలువ తెరువబడియున్నది. ఆ ప్రేమ లేనియెడల శ్రమ ఓర్పును పుట్టించదు. చేదునో, పగనో, నిరాశనో పుట్టించును. శ్రమలలో మెత్తబడినవారిని మనమెరుగుదుము. శ్రమలలో రాయియైనవారినికూడ మనమెరుగుదుము. వీరు వారికంటె చెడ్డవారని చెప్పుటకు తొందరపడకుడి. వారి మడికి నీరు చేరలేదేమో!

ప్రభువు యోహాను 15వ అధ్యాయములో తాను ద్రాక్షావల్లియనియు, తన తండ్రి వ్యవసాయకుడనియు, మనము తీగెలమనియు చెప్పెను. ఆ ఉపమానములో కత్తి ఎవరి చేతిలోనున్నదో జాగ్రత్తగా చూడుడి. అది తండ్రి చేతిలోనున్నది. ఒక తీగె వేరొక తీగెను కత్తిరించుట ఆ ఉపమానములో ఎక్కడను లేదు. ప్రక్కతీగె కత్తిరింపబడుచుండగా అది దానికి మేలేయని మరియొక తీగె ప్రసంగించుటయు లేదు.

ఇక్కడ మన ప్రశ్నకు జవాబు దొరకుచున్నది. శ్రమ నాకు మేలు చేసినదని ఒకడు తన్ను గూర్చి చెప్పుకొనవచ్చును, అది సాక్ష్యము. శ్రమ నీకు మేలు చేయునని నిశ్చింతగా కూర్చుండి పొరుగువానితో చెప్పుట వేరు. పౌలుకు శరీరములో ఒక ముల్లు ఉండెను. దానిని తీసివేయుమని ఆయన మూడుసారులు వేడుకొనెను. కృప చాలునను జవాబు ఆయనకు ప్రభువునొద్దనుండి వచ్చెనేగాని కొరింథు సంఘపెద్దలయొద్దనుండి రాలేదు. మన ప్రభువు రోగులను చూచినప్పుడు వారి రోగము వారికి మంచిదని చెప్పి పంపివేసినట్లు సువార్తలలో ఎక్కడను కనబడదు. ఆయన వారిని ముట్టెను, స్వస్థపరచెను. గెత్సేమనేలో తన గిన్నెనుకూడ తొలగించుమనియే మొదట ప్రార్థించెను.

యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి. అది వారు చేసిన మంచిపని. ఎనిమిదవ దినమున వారు అతని శ్రమకు అర్థము చెప్పనారంభించిరి. అక్కడ వారు తప్పిపోయిరి.

మన గ్రామములో ఒక విధవరాలు ఉన్నదనుకొందము. కూలికి వెళ్లి ఇద్దరు పిల్లలను పోషించుచున్నది. వర్షములు లేక పనులు నిలిచినవి. పెద్దకూతురు బడి మానవలసివచ్చినది. సంఘపెద్దలు నలుగురు ఆమె యింటికి వెళ్లి కీర్తన పాడి, శ్రమలను గూర్చిన వాక్యభాగము చదివి, "అమ్మా, దేవుడు నిన్ను పుటము వేయుచున్నాడు, ధైర్యముగా ఉండుము" అని చెప్పి, ఆమె అప్పు తెచ్చి పెట్టిన టీ త్రాగి, తిరిగి వచ్చిరి. వారు చెప్పినది తప్పా? మాటమట్టుకు తప్పు లేకపోవచ్చును. అయితే అన్నవస్త్రములు లేనివారితో సమాధానముగా వెళ్లుడని చెప్పి ఏమియు ఇయ్యనివానిని గూర్చి యాకోబు ఏమి వ్రాసెనో రెండవ అధ్యాయములో చదువుడి. ఆ నలుగురు తమ్మును వ్యవసాయకులుగా ఎంచుకొనిరి. దేవుడు వారిని నీరటికాండ్రుగా పంపియుండెను. తూము దగ్గర నిలిచి, తూము తీయక, ఎండయొక్క మేలును గూర్చి మాటలాడి వచ్చిరి.

ఇంకొక సంగతి మెండోసా తోటలలోనే ఉన్నది. అక్కడ ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కోత జరుగును. 1936 మొదలుకొని దానిని జాతీయ పండుగగా ఆచరించుచున్నారు. పండుగ ఆరంభమున ఫలములను దేవునియొద్దకు తెచ్చి దీవెన కోరుదురు. అది మన కోతపండుగను జ్ఞాపకము చేయును. అయితే చేతితో కోయు తోటలలో గెలలు కోయువారు సుమారు 20 కిలోలు పట్టు తొట్టిని నింపి, భుజముమీద పెట్టుకొని బండియొద్దకు వేగిరముగా పోయి కుమ్మరింతురు. ఒక్కొక్క తొట్టికి ఒక్కొక్క బిళ్ల చేతికిత్తురు. బిళ్లలనుబట్టి కూలి. వారిలో అనేకులు ఉత్తరదిక్కు రాష్ట్రములనుండియు బొలీవియా దేశమునుండియు వలస వచ్చువారు. మనలో కోతలకును ఇటుకబట్టీలకును వలస వెళ్లినవారికి ఆ పరుగు ఎట్టిదో తెలియును.

తీగె పొందు శ్రమవలన రసము నిండుగా వచ్చును. కోయువాని వీపునొప్పివలన రసమునకు రుచి పెరుగదు. అతని కూలి తగ్గినయెడల అది దేవుడు అతనిని కత్తిరించుట కాదు, మనుష్యుడు లెక్క తగ్గించుట. కూలివానికి ప్రొద్దు క్రుంకకమునుపే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానములోని యజమానుడు సాయంకాలమున వచ్చినవానికి సైతము దినకూలి ఇచ్చెను. ఏ శ్రమ దేవుని చేతినుండి వచ్చునో, ఏ శ్రమ మన పొరుగువాని అన్యాయమువలన వచ్చునో తెలిసికొనుటకు ఈ ప్రశ్న అడుగుడి: దీనిని తొలగించుట మన చేతిలోనున్నదా? ఉన్నయెడల దానిని దైవచిత్తమని పిలుచుట అపనింద. దేవునిమీద వేసిన అపనింద.

చివరకు, శ్రమ ఫలించినవారితో ఒక మాట. ఆ కొండమీది రసము బలమైనది. ఆ బలమే త్రాగువానిని పడద్రోయగలదు. మనుష్యులలోను అట్లే యున్నది. ఆకలితో చదువుకొని, కాలినడకను బడికి పోయి, నేడు ఉద్యోగములోనో సంఘపెద్దరికములోనో ఉన్నవారు మనలో ఉన్నారు. వారి గుణము నిండైనది, దేవునికి స్తోత్రము. అయితే "నేను పడలేదా? వారుకూడ పడనిమ్ము" అను మాట వారి నోట వచ్చినప్పుడు ఆ నిండు రసము మత్తుగా మారినదని తెలిసికొనవలెను. నీవు ఆకలితో చదివితివి, నిజమే. అయితే నీకు ఒక పూట అన్నము పెట్టిన పెద్దమ్మ ఎవరు? ఫీజు కట్టిన గురువుగారు ఎవరు? దీపపు వెలుగున నీ ప్రక్కను మేలుకొనియున్న తల్లి ఎవరు? నీకు నీరు పోసినవారిని మరచి, ఎండను మాత్రమే జ్ఞాపకముంచుకొనుట కృతఘ్నత. శ్రమలో ఫలించినవాడు ఇతరుల శ్రమను తేలిక చేయుటకు పంపబడినవాడు.

కొందరి శ్రమకు ఫలము మన కన్నులకు కనబడదు. పసిబిడ్డ మరణమునకు, తీరని రోగమునకు, 1956లో చచ్చిన ఆ తోటవంటి జీవితములకు మనము అర్థము చెప్పలేము. చెప్పబోవుటయు మంచిది కాదు. అట్టివారియొద్ద కూర్చుండుడి. చేతులు పట్టుకొనుడి. బియ్యము తీసికొని వెళ్లుడి. వారి పిల్లవాని పుస్తకములు కొనుడి. వారికి రావలసిన కూలికొరకు వారితోకూడ నిలుచుండుడి. అర్థము చెప్పుట వ్యవసాయకుని పని. ఆయన తన కాలమందు చెప్పును.

మీ స్వంత శ్రమ విషయమై మాత్రము నిరాశపడకుడి. చలిరాత్రి గడచుచుండగా తీగెకు తనలో ఏమి కూడుచున్నదో తెలియదు. కత్తి పట్టిన చేయి నీరు పట్టిన చేయియే. ఆ చేతిలో మేకుల గుర్తులున్నవి.

ప్రార్థన: తండ్రీ, మా శ్రమలలో నీ చేతిని గుర్తించు విశ్వాసము మాకు దయచేయుము. మా పొరుగువారి శ్రమలయెదుట మా నోటికి కావలియుంచి, మా చేతులను తెరువుము. నీవు మా హృదయములలో పోసిన ప్రేమను మేము అడ్డగింపక, ఎండిన మడులకు పారనిచ్చు నమ్మకమైన నీరటికాండ్రుగా మమ్మును చేయుము. నిజమైన ద్రాక్షావల్లియైన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.